స్ప్రింగ్ బ్రేక్ వారం: ఐదు ఇళ్లు కలిస్తే తలా ఒక్క రోజు సెలవు చాలు

అమెరికాలో, టెక్సస్ రాష్ట్రంలోని డాలస్ చుట్టుపక్కల ఉండే మన ఇళ్లలో ఫిబ్రవరి నెలాఖరు వచ్చేసరికి ఒకటే టెన్షన్. మార్చి మధ్యలో స్కూళ్లకి వారం రోజులు స్ప్రింగ్ బ్రేక్, మన ఆఫీసులకి మాత్రం ఒక్క రోజు కూడా సెలవు లేదు. లీవు పెడదామంటే ఉన్న నాలుగు రోజులూ ఇండియా ప్రయాణానికి దాచుకుంటున్నాం. క్యాంపులో వేద్దామంటే ఇద్దరు పిల్లలకి కలిపి వందల డాలర్లు. చివరికి మనం గది తలుపు వేసుకుని మీటింగులో, పిల్లలు హాల్లో టాబ్లెట్ ముందు. సోమవారం అలా మొదలైతే శుక్రవారం దాకా అదే తంతు.

మేం నాలుగేళ్లుగా ఇంకో నాలుగు కుటుంబాలతో కలిసి ఈ వారాన్ని నడుపుతున్నాం. లెక్క సులువు: ఐదు ఇళ్లు, పది మంది పెద్దవాళ్లు, ఐదు రోజులు. తలా ఒక్క రోజు లీవు పెడితే రోజుకి ఇద్దరు పెద్దవాళ్లు పిల్లల దగ్గర ఉంటారు. మిగతా నాలుగు రోజులు నిశ్చింతగా ఆఫీసు పని చేసుకోవచ్చు. పిల్లలకి మాత్రం వారమంతా పండగే. మీరూ చేయాలనుకుంటే ఎక్కడ మొదలుపెట్టాలో, ఎక్కడ జాగ్రత్తపడాలో చెప్తాను.

ఎవరితో కలవాలి

జనవరి చివర్లోనే మాట కదపండి. మొదట చూసుకోవాల్సింది స్కూల్ డిస్ట్రిక్ట్, అంటే ఆ ప్రాంతపు ప్రభుత్వ స్కూళ్లని నడిపే సంస్థ. పక్కపక్క ఊళ్లే అయినా ఒక్కో డిస్ట్రిక్ట్ బ్రేక్ ఒక్కో వారం పడవచ్చు. క్యాలెండర్లు పక్కపక్కన పెట్టుకుని తేదీలు కలిశాయో లేదో చూశాకే ముందుకెళ్లండి. ఇళ్లు పదిహేను నిమిషాల దూరంలో ఉంటే పొద్దున్న పిల్లల్ని దింపి ఆఫీసుకి వెళ్లడం కుదురుతుంది. పిల్లల వయసుల్లో తేడా ఉన్నా ఫర్వాలేదు. మా గుంపులో ఎనిమిది మంది ఉన్నారు, ఐదేళ్ల నుంచి పదకొండేళ్ల దాకా. పెద్దపిల్లలు చిన్నవాళ్ల చేయి పట్టుకుని నడిపించడం అక్కడే నేర్చుకున్నారు.

వాట్సాప్ గ్రూపులో తేల్చేద్దాం అనుకోకండి. ఒక ఆదివారం సాయంత్రం అందరూ ఒక ఇంట్లో టీకి కలవండి. ఎదురెదురుగా కూర్చుంటేనే అసలు మాటలు బయటికొస్తాయి. పిల్లాడు మాట వినకపోతే పక్కింటివాళ్లు కోప్పడవచ్చా? టీవీ ఎంతసేపు? గుడ్డు పెట్టవచ్చా, మాంసం పెట్టవచ్చా? రాత్రి వేరేవాళ్ల ఇంట్లో పడుకోవడం మీకు ఇష్టమేనా? పడుకోబెట్టడం ఇష్టంలేని ఇంటిని మాత్రం ఎవరూ బలవంతపెట్టకూడదు. ఆ ఇంటి పిల్లల్ని రాత్రి తొమ్మిదింటికి తీసుకెళ్లిపోతే సరిపోతుంది.

ఇంకొక్క మాట గట్టిగా చెప్పాలి. ఐదు ఇళ్లలో ఒక ఇంట్లో అమ్మ ఉద్యోగం చేయకుండా ఇంట్లో ఉంటుంది. ఉద్యోగానికి అనుమతి లేని హెచ్4 డిపెండెంట్ వీసా కావచ్చు, ఇంట్లో పసిపాప ఉండొచ్చు. 'ఆవిడ ఎలాగూ ఇంట్లోనే ఉంటుందిగా' అని మెల్లగా మూడు రోజులు ఆమె మీదకి నెట్టేస్తారు. ఆమె కాదనలేదు. అలా జరగనివ్వకండి. ఆమెకీ ఒక్క రోజే రాయండి. అలాగే ఊళ్లోంచి వచ్చిన అమ్మమ్మనో తాతయ్యనో ఒక పెద్దమనిషి కింద లెక్కగట్టి పిల్లల్ని వాళ్లకి వదిలేయకండి. వాళ్లు పిల్లలతో సరదాగా గడపడానికి వచ్చారు, కాపలా కాయడానికి కాదు.

రోజుకి ఇద్దరు పెద్దవాళ్లని వేసేటప్పుడు ఒకే ఇంటి భార్యాభర్తల్ని ఒకే రోజు పెట్టకండి. వేర్వేరు ఇళ్లవాళ్లు ఉంటే, ఒక ఇంట్లో ఎవరికైనా జ్వరం వచ్చినా రెండోవాళ్లు మిగులుతారు.

ఒక్కో పిల్లకి ఒక్క కాగితం

ఇది విసుగు పని. అయినా వదలకండి. ప్రతి పిల్ల పేరు మీద ఒక కాగితం రాయండి: అమ్మానాన్నల ఫోన్ నంబర్లు, డాక్టరు నంబరు, ఇన్సూరెన్స్ కార్డు ఫోటో, వేసుకునే మందులు, పడని తిండి. అత్యవసరమైతే వైద్యం చేయించడానికి ఆ రోజు చూసుకునే పెద్దవాళ్లకి అనుమతి ఇస్తున్నాం అని రాసి సంతకం పెట్టండి. పది కాపీలు తీసి పెద్దవాళ్లకి తలొకటి ఇవ్వండి.

మొదటి ఏడాది మేం ఈ కాగితం రాసుకోలేదు. సోమవారం మా ఇంట్లో అందరికీ పులిహోర చేశాను. తాలింపులో పల్లీలు దండిగా వేశాను, మనం వేయకుండా ఎలా ఉంటాం? ప్లేట్లు పంచుతుంటే ఒక ఏడేళ్ల పాప నా చీర కొంగు పట్టుకుని, "ఆంటీ, దీంట్లో పీనట్స్ ఉన్నాయా? నేను తింటే నాకు ఊపిరి ఆడదు" అంది. ఆ పిల్ల అడిగింది కాబట్టి సరిపోయింది. అడగకపోయి ఉంటే? ఆ ప్లేటు తిరిగి తీసుకుంటుంటే నా చేయి వణికింది. వాళ్లమ్మ బ్యాగులో ఎపిపెన్ (అలర్జీ ముదిరితే గుచ్చే ఇంజెక్షన్) పెట్టే పంపింది, కానీ అది ఏ జిప్పులో ఉందో, ఎలా వాడాలో మాకెవరికీ తెలియదు.

మన వంటల్లో పల్లీ ఎక్కడెక్కడ దాక్కుంటుందో ఒకసారి ఆలోచించండి. ఇడ్లీ చట్నీ, గుత్తి వంకాయ, పచ్చడి, చిక్కీ, మిక్సర్. జీడిపప్పు అయితే ఉప్మా నుంచి పాయసం దాకా. అలర్జీ ఉన్న పిల్ల ఒక్కరున్నా ఆ వారమంతా పల్లీలు, జీడిపప్పు ఏ ఇంట్లోనూ వండకూడదు అని పెట్టుకోండి. పులిహోరకి శనగపప్పు, మినప్పప్పు తాలింపు చాలు. నేనిప్పుడు అలాగే చేస్తున్నాను, పిల్లలకి తేడా తెలియలేదు. ఎపిపెన్ ఎలా పట్టుకోవాలో, తొడ మీద ఎక్కడ గుచ్చాలో ఆ పిల్ల అమ్మానాన్నలే టీకి కలిసిన రోజు అందరికీ చూపించాలి. వాడిన వెంటనే అత్యవసర నంబరు 911కి ఫోన్ చేయాలని కూడా చెప్పాలి.

కార్లు, సీట్లు

టెక్సస్ చట్టం ప్రకారం ఎనిమిదేళ్లలోపు పిల్లలు, నాలుగడుగుల తొమ్మిది అంగుళాల ఎత్తు దాటకపోతే, పిల్లల కారు సీటులోనో, ఎత్తు పెంచే బూస్టర్ సీటులోనో కూర్చోవాలి. పక్కవీధి పార్కుకే అయినా సరే. పొద్దున్న ఏడున్నరకి ఎవరి సీటు ఏ కారులో ఉందో వెతుక్కోవడం మొదలైతే ఆ రోజు కార్యక్రమం అక్కడే పాడైపోతుంది. మేం ఆదివారం రాత్రే బూస్టర్లన్నీ రెండు వ్యాన్లలో బిగించేస్తాం. ఒక్కోదానికి మాస్కింగ్ టేపు అంటించి పిల్లల పేర్లు రాస్తాం. వారమంతా ఆ రెండు వ్యాన్లే తిరుగుతాయి. ఆ రోజు డ్యూటీలో ఉన్నవాళ్లు తమ కారు వ్యాన్ వాళ్లకిచ్చి, వ్యాన్ తీసుకుంటారు. అయితే మీ ఇన్సూరెన్స్‌లో వేరేవాళ్లు మీ బండి నడపవచ్చో లేదో ముందే అడిగి పెట్టుకోండి.

ఒక్క పెద్ద ప్రయాణం: గ్లెన్ రోజ్

ఐదు రోజులూ ఎక్కడికో ఒకచోటికి పరిగెత్తకండి. పిల్లలు అలిసిపోతారు, పెద్దవాళ్లు ఇంకా ముందే అలిసిపోతారు. దూర ప్రయాణం ఒక్కటి పెట్టుకోండి. మా ఓటు ఎప్పుడూ గ్లెన్ రోజ్‌లోని డైనోసార్ వ్యాలీ స్టేట్ పార్కుకే. డాలస్ ఉత్తర శివార్ల నుంచి సుమారు రెండు గంటల దారి.

అక్కడ పలక్సీ నది అడుగున రాతి మీద నిజమైన డైనోసార్ అడుగులున్నాయి. సుమారు 11 కోట్ల 30 లక్షల ఏళ్ల కిందట అది ఒక సముద్రపు ఒడ్డు. సున్నం నిండిన బురదలో అవి నడిచాయి, బురద గట్టిపడింది, దాని మీద పొరలు పేరుకున్నాయి, నది కోసుకుంటూ కోసుకుంటూ మళ్లీ వాటిని పైకి తెచ్చింది. 1908లో పెద్ద వరద వచ్చి వెళ్లాక, మరుసటి ఏడాది ఆ మూడు వేళ్ల గుర్తుల్ని గమనించింది ఒక స్కూలు పిల్లాడు. ఈ మాట మీ పిల్లలకి దారిలోనే చెప్పండి. నదిలోకి దిగాక వాళ్ల కళ్లు ఎలా వెతుకుతాయో చూడండి.

ఏం చేయాలంటే:

1. డే పాస్ 30 రోజుల ముందు నుంచి ఆన్‌లైన్‌లో దొరుకుతుంది. బ్రేక్ వారంలో త్వరగా అయిపోతాయి కాబట్టి సరిగ్గా 30 రోజుల ముందు పొద్దున్నే తీసేసుకోండి. పెద్దవాళ్లకి రుసుము ఉంటుంది, 12 ఏళ్లు, అంతకంటే చిన్న పిల్లలకి ఉచితం. ఏడాది పొడవునా చెల్లే స్టేట్ పార్క్స్ పాస్ ఉంటే ఆ కారులో ఉన్నవాళ్లందరికీ ప్రవేశ రుసుము ఉండదు. పాస్ ఉన్నా రిజర్వేషన్ మాత్రం చేసుకోవాలి.

2. ముందురోజు పార్కుకి ఫోన్ చేసి నదిలో నీళ్లు ఎలా ఉన్నాయో అడగండి. వానలు పడి నది నిండితే అడుగులు కనబడవు. అప్పుడు వేరే రోజుకి మార్చుకోండి, పిల్లల్ని అంత దూరం తీసుకెళ్లి నీళ్లు చూపించి రావద్దు.

3. తడిసినా జారని చెప్పులు అందరికీ వేయండి. నాచు పట్టిన రాయి మీద మామూలు షూలు జారతాయి. మార్చిలో నీళ్లు చల్లగా ఉంటాయి, అందుకని ఒక్కొక్కరికి రెండేసి జతల బట్టలు, ఒక తువ్వాలు తీసుకెళ్లండి. తడి బట్టలకి చెత్త కవర్లు మర్చిపోవద్దు.

4. ఒక మెత్తని చిన్న చీపురు పట్టుకెళ్లండి. అడుగు గుంటలో ఒండ్రు పేరుకుని ఉంటుంది. మెల్లగా ఊడిస్తే మూడు వేళ్లూ, మడమా ఒక్కొక్కటిగా తేలతాయి. మా చిన్నది మొదటిసారి అలా ఊడ్చి, తన రెండు పాదాలూ పక్కపక్కన ఆ గుంటలో పెట్టి, ఇంకా చోటు మిగిలితే తమ్ముణ్ని కూడా పిలిచింది. గీకవద్దు, రాయితో కొట్టవద్దు అని ముందే చెప్పి ఉంచండి.

5. ఇద్దరు పెద్దవాళ్లు సరిపోరు. నీళ్లున్న చోటు కాబట్టి, ఒకరు అదనంగా ఇంకో రోజు సెలవు పెట్టాల్సి వచ్చినా, ఆ రోజుకి ముగ్గురినైనా పెట్టుకోండి. ఒకరు ఎప్పుడూ ముందు, ఒకరు వెనక, మూడోవాళ్లు ఐదారేళ్ల వాళ్ల పక్కనే. అరగంటకోసారి తలలు లెక్కపెట్టండి. అందరికీ ఒకే రంగు టీషర్టు వేస్తే పని సులువు.

మూడు వేళ్ల గుర్తులు మాంసం తినేవాటివి. ఏనుగు పాదంలా గుండ్రంగా, పెద్దగా ఉన్నవి ఆకులు తినే సారోపాడ్‌లవి. సారోపాడ్ పేరు రాగానే పిల్లలకి మన కోటసారస్ గురించి చెప్పండి. తెలంగాణలో యామన్‌పల్లి దగ్గర దొరికింది. గ్లెన్ రోజ్ అడుగులకంటే చాలా పాతది. దాని అస్థిపంజరం హైదరాబాద్ బిర్లా సైన్స్ మ్యూజియంలో నిలబడి ఉంది. ఎండాకాలం సెలవుల్లో ఇండియా వెళ్లేవాళ్లు పిల్లల్ని తీసుకెళ్లి చూపించండి. టెక్సస్‌లో అడుగు చూసి, హైదరాబాద్‌లో ఎముక చూసిన పిల్లలకి ఆ జంతువు ఇక బొమ్మ కాదు.

తిండికి దద్దోజనం వద్దు, కూలర్ లేకపోతే ఎండకి పులుస్తుంది. పులిహోర, చపాతీ చుట్టలు, అరటిపళ్లు, జంతికలు, నీళ్లు. తిరుగు దారిలో అందరూ పడుకుంటారు.

ఇంటి రోజు: అష్టాచమ్మా, ఏడు పెంకులు

ప్రయాణం మర్నాడు కచ్చితంగా ఇంటి పట్టునే ఉండండి. అమ్మమ్మో నానమ్మో ఊరి నుంచి వచ్చి ఉంటే ఆ రోజు వాళ్లదే. కాసేపు కూర్చుని ఆడించమని అడగండి, తిండీ పరుగులూ మీరు చూసుకోండి.

అష్టాచమ్మాకి నాలుగు చింతగింజలు చాలు. గింజని ఒకవైపు డ్రైవ్‌వే సిమెంటు మీద నీళ్లు చిలకరించి అరగదీయాలి. పైన ఉన్న గోధుమరంగు తొక్క పోయి లోపలి తెల్ల పప్పు కనిపించేదాకా. ఒక్కో గింజకి పది నిమిషాలు పడుతుంది. ఆ పది నిమిషాలు ఎనిమిది మంది పిల్లలు ఎంత బుద్ధిగా కూర్చుంటారో నమ్మలేరు. తర్వాత సుద్దముక్కతో నేల మీద అడ్డం ఐదు, నిలువు ఐదు గళ్లు గీయండి. నాలుగు వైపులా మధ్య గడికీ, నట్టనడి గడికీ ఇంటూ గుర్తు పెట్టండి, అవి ఇళ్లు. ఇంట్లో ఉన్న కాయని ఎవరూ చంపకూడదు. గింజలు వేస్తే ఎన్ని తెల్లగా పడితే అన్ని గళ్లు. నాలుగూ తెల్లగా పడితే చమ్మా, నాలుగు. నాలుగూ బోర్లా పడితే అష్టా, ఎనిమిది. ఆ రెండింటికీ ఇంకో పందెం ఉంటుంది. ఒక్కొక్కరికి నాలుగు కాయలు, రంగు గులకరాళ్లో బటన్లో. బయటి వరస అంతా తిరిగి, లోపలి వరసలోకి వెళ్లి, నడి గడికి చేరితే కాయ పండినట్టు. లోపలికి ఎప్పుడు వెళ్లాలి అన్నదానికి ఒక్కో ఊరిది ఒక్కో పద్ధతి. మొదలుపెట్టే ముందే ఒకటి ఖాయం చేసుకోండి, లేదంటే ఆట కంటే గొడవ పెద్దదవుతుంది.

మధ్యాహ్నం పెరట్లో ఏడు పెంకులు. ఇక్కడ పెంకులు దొరకవని పాత టైల్ ముక్కలు వాడకండి, అంచులు కోసుకుంటాయి. చదునైన చెక్క ముక్కలు ఏడు చాలు, ఒక టెన్నిస్ బంతి. వీపు మీద, కాళ్ల మీదే కొట్టాలని చెప్పండి. పచ్చికలోకి దిగే ముందు చీమల పుట్టలు చూసుకోండి. ఇక్కడి ఫైర్ యాంట్స్ కుడితే పిల్లలకి పొక్కులొస్తాయి.

ఉగాది దగ్గర్లో పడితే

చాలా ఏళ్లు ఉగాది ఈ బ్రేక్‌కి అటో ఇటో వస్తుంది. 2023లో మార్చి 22, 2026లో మార్చి 19. ఒకట్రెండు వారాలు తేడా ఉన్నా ఒక పూట పచ్చడి చేయించండి. పిల్లలు పండగ రోజు చెంచాడు పచ్చడి మొహం చిట్లించి మింగుతారంటే, అది ఎలా తయారవుతుందో చూడకపోవడం వల్లే.

ఎనిమిది మందికి నిమ్మకాయంత చింతపండు రెండు గ్లాసుల నీళ్లలో నానబెట్టించండి. ఒకరు పిసికి రసం తీయాలి, ఒకరు బెల్లం తురమాలి. మామిడికాయ ముక్కలు పెద్దపిల్లలు మీ పక్కన నిలబడి కోస్తారు. డాలస్ చలికి వేపచెట్టు బయట బతకదు కాబట్టి ఎండిన వేపపువ్వు ఇండియన్ స్టోర్లో కొనుక్కోవాలి, లేదా అమ్మ పంపిన పొట్లం ఉంటే అది. పువ్వుని పొడిగా కాస్త వేయించి ఒక చెంచా చాలు. ఉప్పు, కారం చిటికెడు చిటికెడు.

కలపడానికి ముందు ఆరు గిన్నెలు వరసగా పెట్టి, కళ్లు మూసుకుని ఒక్కొక్కటీ నాలుక మీద పెట్టుకోమనండి. ఇది చేదు, ఇది వగరు అని తెలుగులో పేర్లు చెప్పించండి. 'వగరు'కి ఇంగ్లీషులో ఏమంటారని మా వాడు చాలాసేపు తన్నుకున్నాడు, చివరికి ఆ మాటే నేర్చుకున్నాడు.

దగ్గరి చోట్లు, వాతావరణం

మిగిలిన రోజులకి దగ్గర్లో సగం పూట పనులు చాలు. డాలస్ ఆర్బొరీటమ్‌లో ఆ సమయానికి ట్యూలిప్‌లు విరగబూసి ఉంటాయి, వారం మధ్యలో పొద్దున్నే వెళ్తే కాస్త నడవగలుగుతారు. ఫోర్ట్ వర్త్‌లోని పాత పశువుల సంత, స్టాక్‌యార్డ్స్‌లో రోజూ పదకొండున్నరకీ, సాయంత్రం నాలుగింటికీ లాంగ్‌హార్న్ పశువుల్ని వీధిలో నడిపిస్తారు, టికెట్ లేదు. పదకొండుకే వెళ్లి అంచున చోటు చూసుకోండి. టెక్సస్ రాంచుల్లో మూపురంతో కనిపించే బ్రాహ్మన్ పశువుల్లో మన ఒంగోలు జాతి రక్తం ఉందని పిల్లలకి చెప్పండి. బ్లూబానెట్ పూల ఫోటోల కోసం మాత్రం ఆ వారం తొందరపడకండి. డాలస్ వైపు అవి నిండుగా పూసేది ఏప్రిల్‌లో.

మార్చి అంటే ఉరుములు, వడగళ్ల కాలం కూడా. ఫోన్‌లో టోర్నడో 'వాచ్' వస్తే వచ్చే అవకాశం ఉందని అర్థం, బయటి కార్యక్రమం మానుకోండి. 'వార్నింగ్' వస్తే దగ్గర్లో ఉన్నట్టే, కింది అంతస్తులో కిటికీలు లేని గదిలోకి పిల్లలందర్నీ తీసుకెళ్లాలి. ప్రతి ఇంట్లో ఆ గది ఏదో మొదటి రోజే పిల్లలకి చూపించండి. మా ఇంట్లో అది మెట్ల కింది స్టోర్ రూమ్, ఎనిమిది మంది పడతారో లేదో కూర్చోబెట్టి చూశాం.

శుక్రవారం సాయంత్రం

ఖర్చులన్నీ స్ప్లిట్‌వైజ్‌లో (ఖర్చులు పంచుకునే యాప్) ఏ రోజుకి ఆ రోజు రాయండి, వారం తర్వాత ఎవరికీ గుర్తుండవు. శుక్రవారం అందరూ ఒక ఇంట్లో కలిసి తినండి, తలా ఒక వంట. డబ్బాలు, బూస్టర్లు, చెప్పులు, నీళ్ల సీసాలు అక్కడే ఒక దుప్పటి మీద పోసి ఎవరివి వాళ్లు ఏరుకోవాలి. పిల్లల్నే ఏరుకోనివ్వండి, వాళ్లకే బాగా తెలుసు. శని, ఆదివారాలు ఏమీ పెట్టుకోవద్దు. మార్చిలో గడియారం గంట ముందుకి జరగడంతో పిల్లల నిద్ర అప్పటికే తారుమారై ఉంటుంది, ఆదివారం రాత్రి ఎనిమిదిన్నరకే పడుకోబెట్టండి.

బట్టలు వాషర్‌లో వేసే ముందు జేబులు తడిమి చూడండి. గ్లెన్ రోజ్ ఒండ్రు, సుద్దముక్కలు, చింతగింజలు ఉంటాయి. గింజలు పారేయకండి, సోమవారం స్కూల్ నుంచి రాగానే అడుగుతారు.